రెండు పచ్చల ఆనకొండలు

తడిసిన పురికొసకు ఒక వాసన ఉంటుంది. గోనెపట్టా వాసన, చెరువునీళ్ల వాసన, కొంచెం పాచి వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొన్న వాన పడిన పొద్దున, మైలాపూరులో మా ఇంటి గుమ్మం ముందు పాత పేపర్లవాడి కోసం పురికొసతో కట్టి పెట్టిన కట్ట తడిసిపోయింది. లోపలికి లాగుదామని వంగేసరికి ఆ వాసన ముక్కుకు తగిలింది. నాకు ఎనభై దాటాయి, వంగితే లేవడానికి గోడ కావాలి. అయినా ఆ కట్ట పక్కనే చతికిలబడి కూర్చుండిపోయాను. మేడమీది కోడలు పిల్ల చూసి, నేను పడిపోయాననుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదమ్మా, మునుస్వామి నాయుడు గారు గుర్తొచ్చారు" అన్నాను. మీ బంధువులా అని అడిగింది. కాదన్నాను. మరెవరంది. ఒక్క ముక్కలో ఏమని చెప్పను? "పాముల్ని కొలిచేవారు" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు చూడాలి, పడిపోయినప్పుడు తలకు కూడా తగిలిందేమో అన్నట్టు. అందుకే కాగితం ముందు పెట్టుకున్నాను. ఒక్క ముక్కలో చెప్పలేనిది నాలుగు కాగితాల్లో చెప్పొచ్చు.

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడు నేను ఉద్యోగంలో చేరాను. అప్పుడు మా ఇల్లు వాషర్‌మెన్‌పేటలో. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియనంత పాత తెలుగువాళ్లం. నాన్న పప్పుల మండీలో గుమాస్తా. అక్క రాజమ్మ మెడికల్ కాలేజీలో చదువుతోంది. నేను జంతుశాస్త్రంలో డిగ్రీ తప్పాను. కప్పను కోయమంటే కళ్లు తిరిగి బల్ల కింద పడ్డాను. రెండోసారి కోశాను గాని, ఏది గుండెకాయో ఏది కాలేయమో అడిగితే అడ్డంగా చెప్పాను. అమ్మ తన బాధనంతా ఒకే మాటలో దులిపేది: "ఇద్దురికీ ఒగే తిండే పెట్టినాను. అది అట్టా పెరిగింది, ఇది ఇట్టా ఉండిపోయింది." పైగా నేను మనిషిని కూడా పొట్టి. అక్క భుజం దగ్గరికి వస్తాను. కాబట్టి ఆ మాట నాకు రెండు విధాలా తగిలేది.

నా ఉద్యోగం ఒక తోటలో. ఊరందరికీ తెలిసిన జంతుశాల కాదిది. ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసే ఒక ధనవంతుడు కీల్పాక్ వైపు తన తోటబంగళాలో సరదాకు జంతువుల్ని పెంచి, తర్వాత టికెట్టు పెట్టాడు. తోటలో అందరూ ఆయన్ను మొదలాళి అనేవాళ్లు, యజమాని అన్నమాట. పనులన్నీ చూసేది మేనేజరు కామేశ్వరరావు గారు. కాకినాడ వైపు నుంచి వచ్చిన మనిషి. ఎండలో నడిచినా చొక్కా మడత నలిగేది కాదు. నా పని బోనుల ముందు బోర్డులు రాయడం, తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో. కొత్త జంతువు వస్తే స్టాకు పుస్తకంలో ఎక్కించడం కూడా నా పనే. డిగ్రీ తప్పినా తోట మొత్తం మీద అందరికంటే చదువుకున్నదాన్ని నేనే. ఆ సంగతి నేను మరిచిపోయేదాన్ని కాదు, ఇంకొకళ్లని మరిచిపోనిచ్చేదాన్నీ కాదు.

నాయుడు గారిది పాములిల్లు. సన్నటి మనిషి, అప్పటికే యాభై దాటాయి. ఖాకీ చొక్కా, మడిచి కట్టిన పంచె, నడుముకు ఒక పురికొస ఉండ. ఆయన నోట పెద్ద, చిన్న, దూరం, దగ్గర అన్న మాటలు వినగా నేను ఎరగను. చేరిన కొత్తలో మాటవరసకు, మీ ఇల్లు బస్టాపుకు దగ్గరేనా అని అడిగాను. "నాలుగు వందల పన్నెండు అంగలు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నీ అంగలైతే ఆరొందలు పట్టొచ్చు అమ్మణ్ణీ" అన్నారు. నా పొట్టితనం మీద వేళాకోళమనుకుని మూతి ముడుచుకున్నాను. వేళాకోళం కాదు, ఆయన నిజంగానే లెక్కగట్టి చెప్పారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

నేను చేరిన మూడో నెలలో హార్బరు నుంచి ఎడ్లబండి మీద ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల రెండు గోనెసంచులు, సంచికొక పాము. సముద్రాల అవతల నుంచి ఏజెంటు పంపిన ఆనకొండ పిల్లలవి. ఒక్కొక్కటి నాలుగడుగులు, నా చేతి మణికట్టంత లావు. బురద రంగు ఒంటి మీద నల్లమచ్చలు. పెట్టెకు ఇంగ్లీషులో ఒక చీటీ అంటించి ఉంది. నేను ముక్కు మూసుకుని దూరం నుంచే చదివాను. ఒకటి గ్రీన్, ఒకటి ఎల్లో అని ఉంది. స్టాకు పుస్తకం తెలుగులో రాసేవాళ్లం. ఆకులూ పచ్చే, పసుపూ పచ్చే కదా మనకు. కలం ఆగకుండా "పచ్చ ఆనకొండలు: రెండు" అని రాసి గీత కొట్టాను.

నాయుడు గారు అప్పటికే సంచి మూతి విప్పి లోపలికి చూస్తున్నారు. "చీటీలో ఏముండాది?" అని అడిగారు.

"పచ్చవి రెండు."

"ఏ పచ్చ అమ్మణ్ణీ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"పచ్చంటే పచ్చే, నాయుడు గారూ. వాటికేమైనా చీరలు కొంటామా?" అన్నాను. బండివాళ్లు నవ్వారు. నాకూ నా మాట నాకే ముద్దొచ్చింది. ఆయన మాత్రం రెండో సంచిలోకి ఇంకొంచెంసేపు చూసి, "సరి, చదూకున్నదానివి" అని మూతి కట్టేశారు. చీటీ పెట్టెతో పాటు పోయింది. పెట్టె చెక్కలు వంటచెరుకుకు పోయాయి.

తర్వాత బోర్డు. మొదలాళికి ఘనంగా ఉండాలి. నాకేమో ఆ పేరే ఘనంగా తోచింది. తమిళంలో ఆనె అంటే ఏనుగు, తెలుగులో కొండ అంటే కొండే, ఇంకేం కావాలి? "ఆనకొండ. ఏనుగును చుట్టి చంపే మహాసర్పం. ముప్పై అడుగుల వరకు పెరుగును" అని మూడు భాషల్లో ఎర్రరంగుతో రాశాను. తమిళంలో నా పచ్చ మరీ గట్టిపడింది, ఎందుకంటే ఆ భాషలో పచ్చె అంటే ఆకుపచ్చ ఒక్కటే. నాయుడు గారు తెలుగు కూడబలుక్కుని చదివారు. ముప్పై దగ్గర వేలు పెట్టి, "ఎవురు కొలిచినారు?" అన్నారు.

"పేరులోనే ఉంది కదండీ, ఏనుగు, కొండ."

"పేరును కొలిచినావా?" అని, ఇంకేమీ అనకుండా బాతుల గంప అందుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పాములిల్లు కడుక్కునే మనిషి నాకు చెప్పొచ్చాడా అనుకున్నాను. అప్పుడు నేను అలాంటిదాన్నే, దాచడమెందుకు.

ప్రతి నెలా మొదటి సోమవారం తోటకు సెలవు. ఆ రోజు కొలత. మొదట నన్ను పిలిచింది తాను చెప్పిన అంకె రాయడానికే. కొన్నాళ్లకు దారం రెండో కొస పట్టుకోవడం కూడా నా పనైంది. బతికున్న పాము బద్దలా సాగి పడుకోదు. దాన్ని లాగి సాగదీస్తే వెన్ను చెడుతుందని ఆయన ముట్టుకోనిచ్చేవారు కాదు. అది నీళ్లతొట్టి గోడ వెంబడి తీరిగ్గా పడుకునేదాకా కూర్చునేవాళ్లం, ఒక్కోసారి పూటంతా. అప్పుడు దారాన్ని నీళ్లలో ముంచి, ముక్కు దగ్గర నుంచి వెన్ను వెంట, మెలిక తిరిగిన చోటల్లా మెలిక తిప్పుతూ, తోక దాకా పరిచి ముడి వేసేవారు. తడిదారమైతే ఒంటికి అంటుకుని జారదు. ముడి వేయగానే వరండాకు పరుగు. అక్కడ గచ్చు మీద అడుగులు, అంగుళాలు గీసి ఉండేవి. పురికొస తడిస్తే పురి బిగిసి కురచవుతుంది, ఆరితే సాగుతుంది. "ఆరినాంక కొలిస్తే పాము మనింట్లోనే పెరుగుతాది" అనేవారు. కబుర్లు చెబుతూ నేను ఆలస్యం చేస్తే, కొలిచిందంతా చెరిపించి మళ్లీ మొదలుపెట్టేవారు. కప్పను చూసి కళ్లు తిరిగిన నేను, ఏడాది తిరిగేసరికి పాము తోక పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముడులు వేస్తున్నాను. ఎప్పుడు భయం పోయిందో గమనించుకోలేదు. రెండూ ఆడవేనని కూడా అక్కడే తెలిసింది. మగదానికి తోక మొదట్లో గోళ్లు పెద్దవిగా ఉంటాయని, వీటికి చిన్నవని, ఆయన వేలితో చూపించారు.

కొలతల పుస్తకం ఆయన సొంతం. అంకె నేను వేసినా పక్కన మాట ఆయనే రాసుకునేవారు, తన మాటలోనే. "పెరిగింది. బాగుండాది." నాకేమో గ్రాంథికపు రోగం. 'బాగుండాది' కొట్టేసి 'బాగున్నది' అని దిద్దేదాన్ని. మరుసటి నెల మళ్లీ బాగుండాది అనే రాసేవారు. రెండో ఏడు సగం దాటాక ఒక పాము కొంచెం నెమ్మదించింది. మూడో ఏడు చివరికి పది అడుగుల మూడు అంగుళాల దగ్గర ఆగిపోయింది. రెండోది మాత్రం పోతూనే ఉంది, పదకొండు, పన్నెండు, పద్నాలుగు. ఆగినదాన్ని ఆయన చిన్నది అనలేదు, 'పదింపావుది' అనేవారు. చిన్నది అని పేరు పెట్టింది నేను. దాని పేజీలో ఆరు నెలలపాటు ఒకే మాట: "పెరగలా. బాగుండాది." పెరగలేదు, బాగుంది అని. పెరగకపోవడం ఒక సంగతి, బాగుండటం ఇంకొక సంగతి ఆయనకు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయలేదు.

జనం మాత్రం నా బోర్డు చదివి లోపలికి వచ్చేవాళ్లు. ముప్పై అడుగులకు అణా ఇచ్చి, పది అడుగులు చూసి, "ఇంతేనా?" అనేవాళ్లు. ఆ ఇంతేనా మొదలాళి చెవిన పడింది. వినాయకచవితి ముందు ఆయన సేఠు స్నేహితులెవరినో తీసుకొచ్చి పాములిల్లు చూపించారు. వాళ్లలో ఒకాయన, రెంటికీ ఒకే మేత పెడుతున్నారా అని నవ్వుతూ అడిగాడట. ఆ నవ్వు మొదలాళికి గుచ్చుకుంది. మేనేజరును పిలిచి కనుక్కోమన్నారు.

కామేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. కాగితాన్ని నమ్మే మనిషి, అంతే. స్టాకు పుస్తకం తెరిస్తే నా రాత: పచ్చ ఆనకొండలు, రెండు. ఒకే జాతి, ఒకే రోజు వచ్చినవి, ఒకే కొలతవి. మేత పుస్తకం చూస్తే, పదిహేను రోజులకు చెరొక బాతు, ఊరి శివార్లలోని మనలి చెరువుల నుంచి వచ్చేవి. కొలతల పుస్తకం చూస్తే, నాయుడు గారి చేత్తోనే "పెరగలా". నన్ను ఆఫీసులోనే కూర్చోబెట్టి నాయుడు గారిని పిలిపించారు.

"రెంటికీ ఒకే తిండి కదయ్యా. ఒకటి పద్నాలుగు అడుగులు, ఒకటి పది. నాలుగడుగుల పాము ఎక్కడికి పోయింది? నీ ఇంటి కూరలోకా?"

"నేను బాతు తినను సార్" అన్నారు నాయుడు గారు.

"నువ్వు తినకపోతే అమ్ముకున్నావు. పెరగలేదని నీ చేత్తో నువ్వే రాశావు."

"పెరగలా. అందుకే రాసినా."

ఆయన ఆఫీసు గుమ్మం దిగేసరికే బాతుదొంగ అన్న మాట తోటంతా పాకిపోయింది. ఆ నెలాఖరుతో పని మానుకోవాలని కాగితం ఇచ్చారు. ఇరవై రెండేళ్ల కొలువు. మరునాటి నుంచే ఆయన వెళ్తుంటే ఏనుగు మావటి వెనకనుంచి బాతులా అరిచేవాడు. ఆయన తిరిగి చూసేవారు కాదు. బాధంతా ఆ అరుపు కాదని నాకు ఒకసారి చెప్పారు. "నేను పోతే కొలిచేవాళ్లుండరు అమ్మణ్ణీ. అది పెరగలేదని మేత పెంచుతారు. పొడుగు కాదు, కొవ్వు పెరుగుతాది. ఆరు నెలల్లో పోతాది." మానవలసింది తనైనా, పోతుందని భయపడింది పాము కోసం.

ఆయన దొంగ కాడని నాకు తెలుసు. కాని ఎందుకు పెరగలేదో నాకూ తెలియదు. ఆ ఆదివారం ఇంట్లో అదే ఆలోచనతో కూర్చున్నాను. అమ్మ పెళ్లికి వెళ్లాలని బయలుదేరుతూ, "ఆ పచ్చచీర తీసుకురాయే" అంది. పెట్టెలో పైనే ఉన్న చీర తెచ్చి ఇచ్చాను. అమ్మ విసుక్కుంది. "ఇది ఆకుపచ్చ గదే. నేనడిగింది పసుపుపచ్చ. పచ్చంటే ఏ పచ్చని అడగబళ్లా?"

చీర నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ల కిందటి పెట్టె, చీటీ, బండివాళ్ల నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఏ పచ్చ అమ్మణ్ణీ అని అడిగిన ఒకే ఒక్క మనిషిని నేను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఇప్పుడు ఆ మనిషికే బాతుదొంగ అని పేరొచ్చింది. అక్క ఏమైందని అడిగితే చెప్పకుండా వాకిట్లోకి వచ్చేశాను.

తెల్లారి పాములింట్లో ఆయన ముందు నిలబడి అంతా చెప్పాను. చీటీలో గ్రీన్, ఎల్లో అని రెండు మాటలున్నాయని, రెంటినీ నేనే ఒక పచ్చలో కలిపేశానని. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. తొట్టి తోమడం ఆపి, "నాకు వచ్చిననాడే అనుమానం. ఒకదాని మచ్చలు విడివిడిగా ఉండాయి, రెండోదానివి కిక్కిరిసి ఉండాయి. ఒకటి ముదురు, ఒకటి పసుపు" అన్నారు.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నాయుడు గారూ?"

"చదూకున్నదానివి, పచ్చంటే పచ్చే అన్నావు. నా కండ్లదే తప్పనుకున్నా."

అంగుళం తేడా వస్తే పూట పూటంతా మళ్లీ కొలిచే మనిషి, నా ఒక్క పొగరుమోతు మాట విని తన కళ్లను తప్పన్నారు.

చీటీ బూడిదైపోయి ఎన్నేళ్లో అయింది. నా మాట తప్ప సాక్ష్యం లేదు. నా మాట నమ్మితే నా ఉద్యోగం పోతుంది, నమ్మకపోతే ఆయనది పోతుంది. ఏం చేద్దామని అడిగితే ఆయన అటక మీది నుంచి ఒక రేకుపెట్టె దించారు. అందులో రెండు పాములూ విడిచిన కుబుసాలన్నీ, పాత పేపర్లలో చుట్టి, ఏ పాముదో, ఏ నెలదో పైన రాసి ఉన్నాయి. కుబుసం పొడవు నమ్మకూడదని నాకు ముందే నేర్పారు, విడిచేటప్పుడు సాగిపోతుంది. ఆయన చూపించింది పొడవు కాదు. పొట్ట కింద అడ్డంగా వరసగా ఉండే పలకలు. "ఇవి పుట్టినప్పుడు ఎన్నో, పొయ్యేదాకా అన్నే. పాము పెరిగితే పలక వెడల్పవతాది, ఇంకో పలక పుట్టదు. రెండు పాములవీ ఎంచు."

ఎంచాను. పదేసి పలకలకొక గుండుసూది గుచ్చుతూ, మధ్యాహ్నమంతా. పెద్దదానివి రెండు వందల యాభై మూడు. చిన్నదానివి రెండు వందల ఇరవై ఆరు. చిన్నది నాలుగడుగుల పిల్లగా ఉన్నప్పుడు విడిచిన మొదటి కుబుసం తీసి ఎంచితే, అందులోనూ రెండు వందల ఇరవై ఆరే. పరీక్ష తప్పిన రెండేళ్లలో నాకు ఎక్కని జంతుశాస్త్రం ఆ గచ్చు మీద ఎక్కింది.

కాని ఆ అంకెల అర్థం పుస్తకంలో ఉండాలి. పుస్తకం నేను తప్పిన కాలేజీలో ఉంది. మళ్లీ ఆ గడప తొక్కకూడదనుకున్నదాన్ని, వెళ్లి లైబ్రరీ మెట్లు ఎక్కాను. పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఉన్నది ఇదీ: ఆకుపచ్చది బోనులో పదిహేను, పద్దెనిమిది అడుగుల దాకా పోతుంది, అదీ ఆడదైతేనే. మగది దానికి సగం కంటే కొంచెం ఎక్కువ. పసుపుపచ్చది వేరే జాతి, ఇంకా దక్షిణాన వేరే నదుల దేశానిది. ఆడదానికి కూడా పది, పన్నెండు అడుగులే ఎక్కువ. పొట్ట పలకలు కూడా దానికి తక్కువ. ముదురు మచ్చలది మూడో జాతి ఒకటుంది, అది ఇంకా చిన్నది. ఇక ముప్పై అడుగులంటారా, అది అడవిలో చూశామని చెప్పినవాళ్ల మాట, కొలిచినవాళ్ల మాట కాదు. ఆ వాక్యం దగ్గర నాకు నాయుడు గారి గొంతు వినిపించింది. ఎవురు కొలిచినారు?

బుధవారం మొదలాళి బంగళా వరండాలో మూడు కుబుసాలు పరిచాం. మొదలాళి కుర్చీలో, మేనేజరు పక్కన నిలబడి. నేను నోరు తెరిచేలోపు నాయుడు గారు ముందుకొచ్చి, "తప్పు నాది మొదలాళీ. వచ్చిననాడే నేను సరింగా చూళ్లా" అన్నారు. నన్ను కాపాడటానికి. ఆయన నోట నేను విన్న మొదటి తప్పుడు కొలత అదే.

"కాదండీ" అన్నాను. "ఆయన చూశారు. అడిగారు కూడా. ఏ పచ్చ అని అడిగితే నేను నవ్వాను. పుస్తకంలో తప్పు రాసింది నేను. బోర్డు మీద ముప్పై రాసింది కూడా నేనే." పుస్తకంలో ఉన్నది, పలకల అంకెలు, అన్నీ చెప్పాను.

కామేశ్వరరావు గారు కళ్లజోడు సర్దుకుని, ఆ ఇస్త్రీ పంచెతోనే గచ్చు మీద కూర్చున్నారు. మూడు కుబుసాలూ తనే ఎంచారు. ఒకసారి ఎంచి, నమ్మకం చాలక మళ్లీ ఎంచారు. లేచి మోకాళ్లు దులుపుకుని, "రెండు వందల ఇరవై ఆరు, సరిపోయింది" అన్నారు. జేబులోంచి కలం తీసి, తాను ఇచ్చిన కాగితం నాయుడు గారి దగ్గర తీసుకుని అడ్డంగా కొట్టేశారు. క్షమించమని అనలేదు. రెండుసార్లు ఎంచారు, అంతకంటే మర్యాద ఆయనకు తెలియదు.

మొదలాళికి మాత్రం వేరే బాధ. "అప్పిడియా, అట్లానా? అంటే నాకు పొట్టిదాన్ని అంటగట్టినారా?"

"పొట్టిది కాదు మొదలాళీ. దాని జాతిలో అది పొడుగే" అన్నారు నాయుడు గారు.

మొదలాళి పెద్దగా నవ్వారు. నా ఉద్యోగం ఊడలేదు గాని, బోర్డు నా ఖర్చుతో మళ్లీ రాయమన్నారు. ఈసారి రెండు బోర్డులు. రాసే ముందు నాయుడు గారిని కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాను. పెద్దదాని ముందు ఆనాటి కొలత రాశాను. చిన్నదాని ముందు ఏం రాయమంటారంటే, "ఇది ఇంతే పెరుగుతాది. బాగుండాది అని రాయి" అన్నారు. బాగున్నది అని దిద్దలేదు. ఎలా చెప్పారో అలాగే రాశాను. విచిత్రమేమిటంటే, ఆ బోర్డు పెట్టాక ఇంతేనా అన్నవాళ్లు లేరు. రెండు బోనుల మధ్య అటూ ఇటూ నడుస్తూ, మచ్చలు పోల్చుకుంటూ నిలబడేవాళ్లు.

ఆ సాయంత్రం అమ్మకు కథంతా చెప్పాను. ఒకే తిండి అన్న మాట దగ్గర కావాలనే కొంచెం ఒత్తి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ అంతా విని, "అయితే నేను నిన్ను ఏ పాముతో పోల్చినానే?" అంది. అక్క పడీపడీ నవ్వింది. కాని అమ్మ నోట ఆ మాట మళ్లీ వినలేదు.

ఏడాది తిరగకుండానే నాయుడు గారికి ఉబ్బసం ముదిరింది. పని మానేసి ఇంటి పట్టున ఉన్నారు. వాళ్లిల్లు మా వీధికి రెండు వీధుల అవతలే. కొత్తగా వచ్చినతనికి కొలతంటే చాకిరీ. అందుకని సోమవారం కొలత నేనే తీసి, ఆదివారం వెళ్లి ఆయనకు చెప్పేదాన్ని. నులకమంచం మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేవారు. ఆఖరి ఆదివారం మనిషి బాగా నీరసించిపోయి ఉన్నారు. పెద్దదాని కొలత చెప్పాక, "పదింపావుది?" అన్నారు.

ఆయనను సంతోషపెట్టాలనిపించింది. అంతే, ఇంకే ఉద్దేశమూ లేదు. "రెండంగుళాలు పెరిగింది నాయుడు గారూ" అన్నాను.

ఆయన కళ్లు తెరిచి నా వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. "దారం ఆరినాంక కొలిచినట్టుండావు అమ్మణ్ణీ" అన్నారు. ఊపిరి తీసుకుని, "తడిగా ఉన్నప్పుడే కొలవాల. పో, మళ్లా కొలిచి చెప్పు" అన్నారు. నేను అబద్ధమాడానని ఆయనకు తెలుసు. నా పరువు పోకుండా నేరం దారం మీద వేశారు.

మరునాడు సెలవు కాకపోయినా పొద్దున్నే వెళ్లి, అది తొట్టి వెంబడి పడుకునేదాకా కూర్చున్నాను. దారం తడిపి, ముడి వేసి, గచ్చు మీదికి పరుగెత్తాను. పది అడుగుల మూడు అంగుళాలు. మధ్యాహ్నం ఆయనకు చెబుదామని వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి వాకిట్లో జనం ఉన్నారు. నా మడిచిన కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. అడిగిన కొలత అడిగిన మనిషికి చెప్పలేకపోయాను. తోటకు తిరిగి వెళ్లి, ఆయన పుస్తకంలో ఆ నెల గీతలో అంకె మళ్లీ వేసి, ఆయన మానేసినప్పటి నుంచి ఖాళీగా వదిలిన పక్క చోటులో మాట మొదటిసారి నేను రాశాను. ఆయన మాటలోనే రాశాను.

తోట తర్వాత మూతపడింది. జంతువులు తలోదిక్కుకూ పోయాయి. నేను మళ్లీ పరీక్షకు కట్టి పాసయ్యాను. ఒక వస్తు ప్రదర్శనశాలలో రిటైరయ్యేదాకా బోర్డులే రాశాను. రాసే ముందు, ఆ వస్తువును రోజూ తుడిచే మనిషిని పిలిచి అడిగేదాన్ని. కొత్త అధికారులు, ఈవిడకు డిగ్రీ ఉండి తుడిచేవాళ్లను అడుగుతుందేమిటని నవ్వుకునేవాళ్లు. నవ్వనివ్వండి అనుకునేదాన్ని. వాషర్‌మెన్‌పేటలో సగం పిల్లలకు మా అక్క పురుడు పోసింది. నేను చేసింది నాలుగు వందల చిల్లర బోర్డులు. వాటిలో ఎవరూ కొలవని అంకె ఒక్కటీ లేదు.

అక్కకు తొంభై దగ్గర పడ్డాయి. రోజూ పొద్దున ఫోను చేస్తుంది. మొన్న ఆ తడిసిన కట్ట పక్క నుంచి కోడలు పిల్ల నన్ను లేవదీసి కూర్చోబెట్టిన కాసేపటికే మోగింది. "ఎట్టా ఉండావే?" అంది, ఎప్పటిలాగే.

"పెరగలా" అన్నాను. "బాగుండాను."